పుష్ ఆఫ్ అంటే ఆస్పరాగస్ వేయించుకోమనడమా? యూరప్ భాషల్లో గెంటివేతల గోల

షీటు సీను
పని మీద చిరాకొచ్చి అడుగుతున్నాను. మా ఆఫీసుకి ఒక మొబైల్ గేమ్ డైలాగులు వచ్చాయి. ఇంగ్లీషు నుంచి జర్మన్, ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్, డచ్, పోర్చుగీసుకి వెళ్ళాలి. అనువాదం చేసేది ఆయా దేశాల వాళ్ళే. నాకు ఆ భాషల్లో ఒక్కటీ రాదు, షీట్లు కూర్చడం, క్లయింటు అడిగినవాటికి జవాబు చెప్పడం నా పని. ఇప్పుడు క్లయింటు ప్రతి లైనునీ మెషీన్‌తో మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పించుకుని చూస్తున్నాడు. గేమ్‌లో దుకాణదారు హీరోతో 'పుష్ ఆఫ్' అంటాడు, అంటే పో ఇక్కణ్ణుంచి అని. అది స్పానిష్‌లో 'పోయి ఆస్పరాగస్ వేయించుకో' అయింది, పోర్చుగీసులో 'పోయి కోతులకి తల దువ్వు', జర్మన్‌లో 'తాడు లాగు'. ఇంకో చోట హీరోయిన్ వాడికి 'బ్రష్ ఆఫ్' ఇచ్చింది (కాదు పొమ్మంది) అని ఉంటే జర్మన్ వాడు బుట్ట ఇప్పించాడు, స్పానిష్ ఆవిడ గుమ్మడికాయలు ఇప్పించింది. 'మా కథలోకి కూరగాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయి' అని మెయిలు. అనువాదకులు నిజంగానే ఆటలాడుతున్నారా? పోనీ ఇంగ్లీషు మాటకి ఏ భాషలో ఏది వాడాలో రెడీమేడ్ పట్టిక ఏమైనా ఉందా?

బెర్లిన్ బుల్లోడు
ఆటలేం ఆడలేదు, చక్కగా చేశారు. 'త్సీ లైనె' అంటే మాటకి మాట పెడితే తాడు లాగు అనే వస్తుంది, కానీ వీధిలో ఎవడైనా అలా అన్నాడంటే ఇక్కణ్ణుంచి కదులు అని. పడవల్ని గట్టు మీంచి తాడుతో లాగే రోజుల మాట అని చెబుతారు. తమాషా ఏంటంటే ఇంగ్లీషు పుష్ ఆఫ్, షవ్ ఆఫ్ కూడా పడవ మాటలే, గట్టుని నెట్టి పడవని నీళ్ళలోకి తోయడం. వాళ్ళు నెట్టారు, వీళ్ళు లాగారు, ఎటు చూసినా పోవాల్సింది ఎదుటివాడే.

మాడ్రిడ్ మల్లిక
ఆస్పరాగస్ కరెక్టే. 'వెతే ఆ ఫ్రెయిర్ ఎస్పారగోస్'. కొంచెం పాతకాలం వాసన ఉంది, మా ఇంటి ఓనరమ్మ వయసు వాళ్ళు అంటారు, బూతు కాదు, పిల్లల ముందు కూడా అనొచ్చు. దుకాణదారు ముసలాయన అయితే బాగా అతుకుతుంది. కుర్రాడైతే నేను మార్చమంటాను.

షీటు సీను
ముసలాయనే. గడ్డం కూడా ఉంది.

మాడ్రిడ్ మల్లిక
అయితే ఆ అనువాదకురాలికి జీతం పెంచు.

కాకినాడ కాజా
గుమ్మడికాయ సంగతి ఎవరైనా చెప్పండి, నాకు నిద్ర పట్టదు.

మాడ్రిడ్ మల్లిక
'దార్ కలబాసాస్', గుమ్మడికాయలివ్వడం. ప్రేమ అని వచ్చినవాణ్ణి కాదంటే గుమ్మడికాయలే, పరీక్ష తప్పించినా గుమ్మడికాయలే. రెండూ ఒకే మాట. మా క్లాస్‌మేట్ ఒకడు ఒకే వారంలో రెండు రకాలూ తెచ్చుకున్నాడు.

డాక్టర్ దోసకాయ
ఆగండాగండి, ఇది స్పెయిన్ వాళ్ళ సొంతం కాదు. నేను మెడిసిన్ ఉక్రెయిన్‌లో చదివాను. అక్కడ పెళ్ళి అడగడానికి వచ్చినవాళ్ళు నచ్చకపోతే పిల్ల వాళ్ళ చేతికి గుమ్మడికాయ ఇచ్చి పంపేదట. ఇప్పుడు ఎవరూ నిజం కాయ ఇవ్వరు గానీ 'గుమ్మడికాయ అందుకున్నాడు' అనే మాట అలాగే ఉంది. వాళ్ళ మాట 'హర్బూజ్'. రష్యన్‌లో 'అర్బూజ్' అంటే పుచ్చకాయ. మన ఖర్బూజా కూడా ఆ చుట్టమే, అన్నీ పారసీక మూలం నుంచి వచ్చినవే. కాయ మారింది, పేరు ఊళ్ళు తిరిగింది.

కాకినాడ కాజా
సినిమా వాళ్ళు షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ కొట్టేశాం అంటారు కదా. ఉక్రెయిన్‌లో ప్రేమకథకి కూడా అదే అన్నమాట 😀

బెర్లిన్ బుల్లోడు
బుట్ట కథ ఇంకా క్రూరం. 'కోర్బ్ గేబెన్', బుట్ట ఇవ్వడం. వెనకటికి ప్రియుణ్ణి బుట్టలో కూర్చోబెట్టి కిటికీ దాకా పైకి లాగేవాళ్ళని, ఇష్టం లేనివాడికి అడుగు వదులుగా ఉన్న బుట్ట దింపేవాళ్ళని కథ. నిజంగా జరిగిందో లేదో గానీ మాట మాత్రం సరిహద్దులు దాటేసింది. పోలిష్‌లో బుట్టే, చెక్‌లో బుట్టే, హంగేరియన్‌లో బుట్టే, స్వీడిష్, డేనిష్‌లలో కూడా బుట్టే. అంటే సీనూ, నీ షీటులో గుమ్మడికాయా బుట్టా పక్కపక్కన ఉండటం తప్పు కాదు. స్పెయిన్ వాడికి బుట్ట ఇస్తే కూరలు తెచ్చుకోవడానికి అనుకుంటాడు.

ఫిన్‌లాండ్ ఫణి
ఇక్కడ తొడుగులు. చలికి చేతులకి వేసుకునే 'రుక్కసెట్' ఇచ్చారంటే అమ్మాయి కాదంది అని. 19వ శతాబ్దం అమెరికా ఇంగ్లీషులో కూడా 'గివ్ ద మిటెన్' అని ఉండేది, ఇప్పుడు పోయింది. పొమ్మనడానికి మావాళ్ళు 'సుక్సి కూసేన్' అంటారు, స్కీయింగ్ చేసుకుంటూ పోయి స్ప్రూస్ చెట్టుకి గుద్దుకో అని. మంచు దేశం తిట్టు.

యానాం మాస్టారు
నేను ఫ్రెంచి పాఠాలు చెప్పేవాణ్ణి. 1954 దాకా ఫ్రెంచి పాలన నడిచిన ఊరు కాబట్టి ఆ ముక్కలు కొన్ని ఇంట్లోనే చెవిన పడ్డాయి. ఫ్రెంచి వాళ్ళు పొమ్మనరు, 'పంపుతారు'. షికారుకి పంపుతారు, మేతకి పంపుతారు, గులాబీల మీదకి పంపుతారు. 'ఆంవ్వాయె ప్రొమ్‌నే' అంటే షికారుకి పంపడం, అంటే విసుక్కుని వదిలించుకోవడం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ పనికి అదే ముఖ్యం. ఇవి ఎక్కువగా జరిగింది చెప్పడానికి వాడతారు. 'నేను అడిగితే నన్ను గులాబీల మీదకి పంపాడు' అని మూడోవాడికి చెప్పుకుంటారు. ఎదురుగా ఉన్నవాడితో 'గులాబీల మీదకి పో' అంటే వాడు తోటలోకి వెళ్ళమంటున్నారేమో అనుకుంటాడు. మొహం మీద అనడానికి వేరే ఉన్నాయి, 'పోయి గుడ్డు వండుకో' అనేది వాటిలో మర్యాదైనది. ఇంగ్లీషులోనూ అంతే కదా. పుష్ ఆఫ్ మొహం మీద అనేది, బ్రష్ ఆఫ్ తర్వాత చెప్పుకునేది. కాబట్టి మీ పట్టికలో మొదటి గడి ఇంగ్లీషు మాట కాకూడదు సీనూ, ఎవరు ఎవరితో ఎప్పుడు అంటున్నారు అనేది ఉండాలి.

షీటు సీను
మాస్టారూ ఇది నాకు తట్టనే లేదు. ఫ్రెంచి అనువాదకుడు ఒక చోట షికారూ ఒక చోట గుడ్డూ పెట్టాడు, క్లయింటు దాన్ని 'ఇన్‌కన్సిస్టెంట్' అని ఎర్రగీత కొట్టాడు.

యానాం మాస్టారు
ఆ ఎర్రగీత మీద ఇంకో ఎర్రగీత కొట్టండి.

పాతపుస్తకం
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు గానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ప్రతి భాషలోకీ అక్కడి బుట్టో గుమ్మడికాయో తెచ్చి పెట్టేస్తే అసలు మనిషి ఎక్కడివాడో తెలియకుండా పోతుంది. లండన్‌లో నడిచే కథలో గుమ్మడికాయలిచ్చింది అంటే ఆ లండన్ పిల్ల ఒక్కసారిగా స్పానిష్ పిల్ల అయిపోదూ? మూలంలో ఉన్న బొమ్మని ఉంచి, సందర్భంతో అర్థమయ్యేలా రాయడం కూడా ఒక పద్ధతి. పాఠకుడు మరీ అంత తెలివితక్కువవాడు కాదు.

తెర వెనుక
పుస్తకంలో కుదురుతుందేమో పాతపుస్తకం గారూ. నేను సబ్‌టైటిల్స్ చేస్తాను. లైనుకి 42 అక్షరాలు దాటకూడదంటారు, మనిషి మాట పూర్తయ్యేలోపు చదివేయాలి. అక్కడ 'ఈ బొమ్మ ఏంటబ్బా' అని చూసేవాడు అరక్షణం ఆగాడంటే తర్వాతి జోకు పోయింది. పైగా ఇంగ్లీషువాడికి బ్రష్ ఆఫ్ అన్నప్పుడు చేతిలో బ్రష్ కనిపించదు. వాడికి కనిపించనిది మనం పాఠకుడికి చూపించడం దేనికి?

పాతపుస్తకం
కనిపించదని ఎవరు చెప్పారు? చొక్కా మీద దుమ్ము దులిపేసినట్టు అనే భావం ఉండబట్టే ఆ మాటకి ఆ చురుకు. ఉత్త 'కాదంది' అంటే చురుకు పోతుంది.

తెర వెనుక
చురుకు పోకూడదనే కదా గుమ్మడికాయ 🙂

బెర్లిన్ బుల్లోడు
కొన్నిసార్లు బొమ్మే వచ్చి కూర్చుంటుంది, ఇద్దరిదీ నిజమే. పట్టించుకోకుండా మొహం తిప్పుకోవడాన్ని ఇంగ్లీషులో 'కోల్డ్ షోల్డర్' అంటారు కదా, అది జర్మన్‌లోకి ఉన్నదున్నట్టు వచ్చేసింది, 'దీ కాల్టె షూల్టర్ త్సైగెన్', చల్లటి భుజం చూపించడం. ఇప్పుడు ఎవరూ దాన్ని పరాయి మాట అనుకోరు. కానీ 'సెండ్ టు కవెంట్రీ' రాలేదు. నలుగురూ కలిసి ఒకణ్ణి పలకరించకుండా వెలేయడం కదా అది, కవెంట్రీ అనే ఊరు ఇంగ్లండ్ దాటితే ఎవడికీ పట్టదు.

యానాం మాస్టారు
ఊరి పేరు వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో ఫ్రెంచి సైన్యాధిపతి జనరల్ జోఫ్ర్ పనికిరారు అనుకున్న సేనానుల్ని యుద్ధరంగం నుంచి తప్పించి దూరంగా లిమోజ్ ఊరి సైనిక ప్రాంతానికి పంపించాడు. అందరినీ అక్కడికే పంపలేదు గానీ పేరు మాత్రం ఆ ఊరికే అంటుకుంది. 'లిమోజే' అంటే పదవి ఊడగొట్టడం. ఇప్పటికీ ఫ్రెంచి పేపర్లలో మంత్రినో ఫుట్‌బాల్ కోచ్‌నో తీసేస్తే హెడ్డింగులో ఇదే మాట. పింగాణీకి పేరు మోసిన ఊరు, ఏం పాపం చేసిందో. మనవాళ్ళు శంకరగిరి మాన్యాలు పట్టించారు అంటారే, దానికి దగ్గర. ఇంకో జాగ్రత్త, ఇది పెద్ద పదవులకే. హోటల్లో సర్వర్‌ని తీసేస్తే లిమోజే అనరు, 'వీరే' అంటారు.

వరంగల్ వాసు
మాస్టారూ మా తెలుగు పేపర్ల 'ఊస్టింగ్' అన్నమాట. మంత్రి ఊస్టింగ్, కోచ్ ఊస్టింగ్.

యానాం మాస్టారు
సరిగ్గా అదే.

ఆమ్‌స్టర్‌డామ్ హేమ
హెచ్ఆర్‌లో ఉన్నాను కాబట్టి ఉద్యోగం సైడు నాది. ఉద్యోగంలోంచి తీసేయడానికి ఇంగ్లీషు 'సాక్' ఉంది చూశారా, సంచి. డచ్‌లో కూడా సంచే, 'డె జాక్ గేవెన్'. ఫ్రెంచిలో 17వ శతాబ్దంలోనే సంచి చేతికివ్వడం అనే మాట ఉంది. పనివాడి పనిముట్ల సంచి వాడికిచ్చి పంపేయడం అని ఎక్కువమంది చెప్పే కథ. ఉత్తరానికి వెళ్తే తన్నులు మొదలవుతాయి, స్వీడిష్‌లో 'ఫో స్పార్కెన్', తన్ను పడటం. ఫిన్నిష్‌లో ఒక్క తన్ను కాదు, బహువచనం.

ఇవన్నీ కాంటీన్ మాటలు. ఇలాంటివి ఆఫీసు ఉత్తరంలో రాస్తే కోర్టుకెక్కుతారు. ఉత్తరాల్లో వాడేది మర్యాద భాష, నన్నడిగితే అసలు విషమంతా అక్కడే ఉంది. జర్మన్ మేనేజరు 'మీ నుంచి మేం విడిపోవాల్సి వస్తోంది' అంటాడు, విడాకుల మాదిరి. ఫ్రెంచిలో 'రెమెర్సియే' అంటే థాంక్స్ చెప్పడం, ఉద్యోగిని థాంక్ చేశారు అంటే తీసేశారు అని. ఇటాలియన్‌లో 'బెన్‌సెర్వీతో' ఇవ్వడం అంటారు, ఒకప్పుడు అది బాగా పనిచేశాడు అని యజమాని రాసిచ్చే కాగితం, ఇప్పుడు దాన్ని అందుకున్నాడంటే గెంటించుకున్నాడు అని. జర్మన్ 'లౌఫ్‌పాస్' కూడా సైన్యం నుంచి వదిలేసిన సిపాయికి ఇచ్చే కాగితం, ఇప్పుడు ప్రేమికుల మధ్య నడుస్తోంది, ఆవిడ వాడికి లౌఫ్‌పాస్ ఇచ్చేసింది అని.

పాతపుస్తకం
ఇది చాలా బాగుంది హేమ గారూ. మన 'ఉద్వాసన' ఇదే కదా. పూజ చివర దేవుణ్ణి మర్యాదగా సాగనంపడం. పేపర్లో మాత్రం 'ఛైర్మన్‌కు ఉద్వాసన'. మర్యాద మాటకి తుప్పు పట్టడం అన్ని చోట్లా జరిగింది.

వరంగల్ వాసు
అర్ధచంద్రం మర్చిపోయారు. మెడ మీద చెయ్యి వేసి బయటికి నెట్టేటప్పుడు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వచ్చే సగం చందమామ. ఇంత అందంగా గెంటే భాష యూరప్‌లో చూపించండి.

మాడ్రిడ్ మల్లిక
'పోనెర్ దె పతీతాస్ ఎన్ లా కాయె'. చిన్ని చిన్ని పాదాలతో వీధిలో నిలబెట్టడం. ఉద్యోగంలోంచి, ఇంట్లోంచి తరిమేయడానికి. పతీతాస్ అంటే బుజ్జి కాళ్ళు. అర్ధచంద్రానికి ఇది చాలదా?

వరంగల్ వాసు
సరే, డ్రా.

బెర్లిన్ బుల్లోడు
హేమక్కా, పైకి గెంటడం మర్చిపోయావు. ఇంగ్లీషులో 'కిక్ అప్‌స్టెయిర్స్', అడ్డుగా ఉన్నవాణ్ణి ప్రమోషన్ పేరుతో పక్కకి తప్పించడం. జర్మన్‌లో 'వెగ్‌లోబెన్', పొగిడి పంపేయడం. ఒకే క్రియ! వేరే డిపార్ట్‌మెంటు వాళ్ళ ముందు వాణ్ణి ఆకాశానికెత్తితే వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. మా పాత టీమ్‌లో ఒకాయన్ని ఇలాగే వదిలించుకున్నారు, నేను కూడా ఒక పేరా రాశాను.

మిలాన్ మూర్తి
ఇటలీవాళ్ళు దీనికి లాటిన్ వాడతారు, 'ప్రోమోవెయాతుర్ ఉత్ ఆమోవెయాతుర్', తొలగించడం కోసం ప్రమోట్ చేయబడుగాక. పాడుకోవడానికి బాగుంటుంది. రాజకీయ వార్తల్లో తరచూ కనిపిస్తుంది, చదువుకోనివాళ్ళకీ అర్థమవుతుంది. పుష్ ఆఫ్‌కి మాత్రం ఇక్కడ 'ఆ క్వెల్ పయేసే', 'ఆ దేశానికి' పో అంటారు. ఏ దేశమో చెప్పరు. అసలు మాట బూతు, దానికి ఇది ముసుగు. అందుకని ఆస్పరాగస్ కంటే రెండు మెట్లు గట్టిది, పిల్లల గేమ్ అయితే చూసుకో సీనూ.

షీటు సీను
7 ఏళ్ళ రేటింగ్. ఇటాలియన్ షీటులో అదే ఉంది. రేపే అడుగుతాను.

మిలాన్ మూర్తి
పెద్ద ప్రమాదం కాదు, టీవీలో అనేస్తూనే ఉంటారు. కానీ అడగడం మంచిది. 'వా ఆ ఫార్తి ఫ్రీజెరె', పోయి వేగు అనేది ఇంకా మెత్తన.

కాకినాడ కాజా
స్పెయిన్‌లో ఆస్పరాగస్ వేయించాలి, ఇటలీలో మనమే వేగాలి, ఫ్రాన్స్‌లో గుడ్డు. యూరప్‌లో తిట్టు తింటే వంట వచ్చేస్తుంది.

ఫిన్‌లాండ్ ఫణి
మిరియాలు మిగిలాయి. జర్మన్, స్వీడిష్, నార్వేజియన్, ఫిన్నిష్ అన్నిట్లో ఉంది, 'మిరియాలు పండే చోటికి పో'. మధ్యయుగాల్లో వాళ్ళకి తెలిసినంతలో భూమి చివర అది. అంటే మలబారు తీరం, మనవైపు!

బెర్లిన్ బుల్లోడు
అవును, 'వో డేర్ ప్ఫెఫర్ వెక్స్ట్'. మా పక్కింటాయన పార్కింగ్ గొడవలో ఇంకెవడినో తిడుతూ అన్నాడు, నన్ను చూసి కంగారుపడి సారీ చెప్పాడు. నాకు అర్థం కావడానికి ఇంటికెళ్ళి వెతుక్కోవాల్సి వచ్చింది.

పాడేరు పిల్ల
మా ఊళ్ళో కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించేది మిరియాల తీగే. జర్మనీలో ఎవరైనా నన్ను అక్కడికి పొమ్మంటే టికెట్ డబ్బులు కూడా వాళ్ళనే ఇమ్మంటాను.

తెర వెనుక
😂 ఇది మాత్రం నిజం. తెలుగులో సబ్‌టైటిల్ చేసేటప్పుడు ఈ లైను వస్తే ఏం రాయాలి? 'మిరియాలు పండే చోటికి పో' అని ఉంచితే కేరళ పొమ్మన్నట్టే. దూరం అనే భావమే పోయింది. పాతపుస్తకం గారూ, బొమ్మని ఉంచమంటారా ఇప్పుడు?

పాతపుస్తకం
ఉంచమనే అంటాను, కథలో మాట్లాడేది జర్మన్ అని చూసేవాడికి తెలిస్తే అది ఇంకా రుచి. మన దేశం వాళ్ళకి ఎంత దూరమో ఆ ఒక్క లైనులో తెలుస్తుంది. 'ఏట్లో దూకు' అని రాస్తే ఆ సంగతంతా ఏట్లోకే పోయింది.

తెర వెనుక
పార్కింగ్ గొడవలో చరిత్ర పాఠం నాకొద్దు. 'పోరా అవతలికి' అని రాసి వదిలేస్తాను.

పాతపుస్తకం
అందుకే సబ్‌టైటిల్స్ అన్నీ ఒకే మనిషి మాట్లాడినట్టు ఉంటాయి.

తెర వెనుక
దెబ్బ తగిలింది. అయినా మార్చను.

షీటు సీను
గొడవ ఆపి నాకు ఇంకొకటి చెప్పండి. 'వెన్ పుష్ కమ్స్ టు షవ్', అంటే ఇక తేల్చుకోక తప్పని పరిస్థితి వస్తే అని విలన్ రెండు సార్లు అంటాడు. డచ్ షీటులో 'చిన్న మొన చిన్న గుంజ దగ్గరికి వస్తే' అని వచ్చింది. ఇది కూడా కరెక్టేనా? చెప్పాలంటే భయంగా ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్ హేమ
నూటికి నూరు కరెక్ట్. 'ఆల్స్ పున్‌ట్యె బై పాల్‌ట్యె కోమ్ట్'. ఇక్కడ మీటింగుల్లో రోజూ వింటాను. మొన ఏంటి గుంజ ఏంటి అని డచ్ వాళ్ళనే అడిగితే భుజాలెగరేస్తారు.

ఫిన్‌లాండ్ ఫణి
స్వీడిష్‌లో 'సుద్దముక్క దాకా వస్తే'. సారా దుకాణంలో బాకీ పలక మీద సుద్దతో రాసేవాళ్ళు కదా, లెక్క తేల్చే టైము అని. ఇటాలియన్‌లో కూడా లెక్కల మాటే అనుకుంటా, మూర్తి గారూ?

మిలాన్ మూర్తి
'ఆల్లా రేజా దెయి కోంతి', లెక్కలు అప్పజెప్పే వేళకి. విలన్ నోట్లో బాగుంటుంది, బెదిరింపు ధ్వని ఉంది. మామూలు మనిషి అయితే 'క్వాందో సి అర్రీవా అల్ దూంక్వే', అసలు విషయానికొస్తే.

మాడ్రిడ్ మల్లిక
మావాళ్ళు 'ఆ లా ఓరా దె లా వెర్దాద్', నిజం తేలే ఘడియలో. జర్మన్ 'హార్ట్ ఔఫ్ హార్ట్' కదా బుల్లోడూ? గట్టిదానికి గట్టిది తగిలితే.

బెర్లిన్ బుల్లోడు
అదే. ఐదు భాషల్లో ఒక్కదాంట్లోనూ నెట్టడం లేదు చూశారా. ఇంగ్లీషులో కూడా పుష్‌కీ షవ్‌కీ తేడా ఒక్కటే, రెండోది మొరటుగా నెట్టడం. వ్యవహారం ముదిరింది అని చెప్పడానికి ఆ రెండు మెట్లు. మనకి 'తాడో పేడో తేలేటప్పుడు', 'అమీతుమీ' ఉండగా నెట్టుడు ఎందుకు.

యానాం మాస్టారు
ఫ్రెంచిలో 'గోడ మొదట్లో నిలబెడితే' అంటారు, ఇక వెనక్కి జరగడానికి చోటు లేదని. నెట్టడం లేదన్నారు కాబట్టి ఒకటి. ఫ్రెంచివాళ్ళు నెట్టడం మొదలుపెడితే ఎక్కడ నెడతారో తెలుసా? 'ఫో పా పూసే మేమే దాం లెజోర్తీ'. అమ్మమ్మని దురదగొండి పొదల్లోకి నెట్టకూడదు అని. అంటే మరీ అతి చేయకు. ఇంగ్లీషు 'డోంట్ పుష్ యువర్ లక్' అన్న చోట చాలాసార్లు పనికొస్తుంది. నెట్టడం రెండిట్లోనూ ఉంది, అయినా మెషీన్‌తో తిప్పిస్తే మీ క్లయింటు అమ్మమ్మని చూసి గుండాగి పోతాడు.

షీటు సీను
ఫ్రెంచి షీటులో అమ్మమ్మ నిజంగానే ఉంది మాస్టారూ. 214వ వరస. అది అనువాదకుడు వేరే ఫైలు నుంచి తప్పుగా అతికించాడని నేను క్లయింటుకి మెయిలు పెట్టేశాను.

ఆమ్‌స్టర్‌డామ్ హేమ
అయ్యో.

పాడేరు పిల్ల
అమ్మమ్మకి సారీ చెప్పు.

తెర వెనుక
నీ అసలు సమస్య భాష కాదు సీనూ, ఆ తిప్పించుకుని చూడటం. అలా మళ్ళీ మూలభాషలోకి తిప్పి చూడటం ఆసుపత్రి ప్రశ్నాపత్రాలకీ, మందుల పరీక్షల ఫారాలకీ పెట్టిన పద్ధతి. 'రోజుకి ఎన్నిసార్లు నొప్పి వస్తుంది' అనేది ఏ భాషలోకి వెళ్ళినా అదే ప్రశ్నగా ఉండాలి కాబట్టి అక్కడ అవసరం. జాతీయాలకి అదే కొలబద్ద పెడితే బాగా చేసినవాడే దొరికిపోతాడు, మాటకి మాట పెట్టినవాడు పాసైపోతాడు. స్పానిష్‌లో 'నెట్టు దూరంగా' అని రాసుంటే మీ క్లయింటుకి తిరిగి చక్కగా పుష్ ఆఫ్ వచ్చేది, ఆడేవాడికి మాత్రం తలుపు గుర్తొచ్చేది. ప్రతి జాతీయం పక్కన ఒక కామెంటు గడి పెట్టు. అందులో తిరుగు అనువాదం వద్దు. ఎంత కోపం, మొహం మీదా వెనకాలా, పిల్లలు వినొచ్చా, పాతదా కొత్తదా, ఇవి రాయమను. అనువాదకులు దానికి డబ్బులడుగుతారు, ఇవ్వాలి.

షీటు సీను
డబ్బులు అనగానే మా మేనేజరు నన్ను షికారుకి పంపుతాడు.

యానాం మాస్టారు
వాడుక సరిగ్గా ఉంది.

లిస్బన్ లక్ష్మి
లేటుగా వచ్చాను. కోతులకి తల దువ్వమనడం పోర్చుగీసులో మెత్తటి తిట్టు, బంగాళాదుంపలు నాటుకో అని కూడా ఉంది, నవ్వుతూనే అంటారు. 'నేను ఆ వీధి మలుపులో ఉన్నానేమో చూసి రా' అని ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టం. పిల్లల గేమ్‌కి మూడూ ఓకే. తలుపు అన్నారు కాబట్టి, ఇక్కడ తలుపుల మీద 'పూష్' అని పలికే మాట ఉంటుంది, దానర్థం లాగు. నెట్టడానికి 'ఎంపూర్రె'. కొత్తగా వచ్చిన మనవాళ్ళందరూ బ్యాంకు తలుపుని భుజంతో గుద్దుతూ కనిపిస్తారు. లోపలివాళ్ళకి అలవాటైపోయింది, ఎవరూ లేచి రారు.

మిలాన్ మూర్తి
నెట్టడం లాగడం తిరగబడటం ఇంకో చోట కూడా ఉంది. ఇంగ్లీషులో పలుకుబడి ఉన్నవాడికి 'పుల్' ఉంది అంటారు. ఇటలీలో అదే పనికి 'స్పింతా', నెట్టు కావాలి. ముద్దుగా 'స్పింతరెల్లా', చిన్న నెట్టు. మేనమామ ఫోన్ చేస్తే వచ్చే ఉద్యోగం అన్నమాట.

యానాం మాస్టారు
ఫ్రెంచిలో పిస్టన్. ఇంజన్‌లో పిస్టనే. అదీ నెట్టేదే.

మాడ్రిడ్ మల్లిక
స్పెయిన్‌లో ప్లగ్గు, 'ఎన్‌చూఫె'. సాకెట్లో పెడితే కరెంటు వస్తుంది.

బెర్లిన్ బుల్లోడు
జర్మనీలో విటమిన్ బి. బి అంటే బెత్సీహూంగ్, పరిచయాలు.

వరంగల్ వాసు
మనకి పైరవీ. విటమిన్ కాదు, భోజనమే.

పాతపుస్తకం
దారం ఎటో పోతోంది గానీ ఒకటి అడగాలి. పొమ్మనలేక పొగబెట్టడం అనేదానికి అక్కడ ఏమంటారు? ఉద్యోగంలోంచి తీసేయకుండా వాడంతట వాడే పోయేలా చేయడం. ఇంగ్లీషులో లాయర్ల మాట 'కన్‌స్ట్రక్టివ్ డిస్మిసల్' తప్ప నాకు బొమ్మ ఉన్న మాట ఏదీ తగల్లేదు.

ఆమ్‌స్టర్‌డామ్ హేమ
జర్మన్‌లో 'రౌస్-ఏకెల్న్', రోత పుట్టించి బయటికి పంపడం. ఫ్రెంచిలో అలమారాలో పెట్టడం, 'మెత్ర్ ఓ ప్లకార్'. జీతం వస్తుంది, పని ఉండదు, ఎవరూ మీటింగుకి పిలవరు. పొగంత చురుగ్గా ఏదీ లేదు, ఒప్పుకుంటాను. ఇంకో చిత్రం, జర్మన్, ఇటాలియన్, స్వీడిష్ వాళ్ళందరూ ఆఫీసు వేధింపుని 'మాబింగ్' అంటారు. ఇంగ్లీషు మాట కదా అని లండన్ ఆఫీసుకి రాసే మెయిల్లో పెట్టేస్తారు, అక్కడివాళ్ళు గుంపు వచ్చి మీదపడిందేమో అనుకుంటారు. వాళ్ళు దాన్ని 'బుల్లీయింగ్' అంటారు.

కాకినాడ కాజా
అంటే ఇంగ్లీషు నుంచి తీసుకున్న ఇంగ్లీషు మాటని కూడా ఇంగ్లీషులోకి అనువాదం చేయాలి. సీనూ, ఉద్యోగం మారిపో.

షీటు సీను
మారేలోపు ఇంకొకటి. రెండో విడతలో హంగేరియన్ కూడా వస్తోంది. బుట్ట ఉందని బుల్లోడు చెప్పాడు. శాంపిల్‌లో మాత్రం 'వాడి కోటు బయట పెట్టారు' అని ఉంది. అమ్మాయి ఇంట్లో సీను కాదు, పనివాణ్ణి తీసేసే సీను.

డాక్టర్ దోసకాయ
అది నాకు తెలుసు, నా రూమ్మేట్ హంగేరియన్ సరిహద్దు ఊరివాడు. 'సూర్' అని పశువుల కాపర్లు వేసుకునే పొడుగాటి కుట్టుపని కోటు. పెళ్ళి ఆలోచనతో వచ్చిన కుర్రాడు రాత్రి ఆ కోటు వాళ్ళింట్లో వదిలి వెళ్ళేవాడట. తెల్లారేసరికి అది వసారాలో వేలాడుతుంటే సంబంధం వద్దని. పుట్టింది పెళ్ళిచూపుల్లోనే గానీ ఇప్పుడు ఉద్యోగంలోంచి, ఇంట్లోంచి, ఎక్కణ్ణుంచి గెంటేసినా అదే వాడతారు. బుట్ట మాత్రం ప్రేమకే. కోటుని బుట్ట గడిలో పెట్టకు.